సార్ నేర్పిన ఎండ

పోయిన మంగళవారం పొద్దున ఏడున్నరకు సార్ పెద్దబిడ్డ ఫోన్ చేసింది. "అక్కా, బాపు పోయిండు. చాయ్ తాగి మళ్ల జరసేపు పండుకుంటనన్నడు. లేపితె లేవలే," అంది. నేను అప్పుడు పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. మూతలు పెట్టి, పిల్లలను బడి ఆటో ఎక్కించి, రెండు గల్లీల అవతల ఉన్న సార్ ఇంటికి నడిచి వెళ్లాను. రెండేళ్లుగా గుండె జబ్బుతో ఉన్న మనిషి కాబట్టి అక్కడ ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోలేదు. నేనూ ఏడవలేదు. దహనం అయ్యాక ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నప్పుడు, రేపు ఆఫీసులో ఏదైనా తెలియకపోతే అడగడానికి మనిషి లేడన్న సంగతి తట్టింది. అప్పుడు ఏడుపొచ్చింది.

మీరు ఇల్లు కట్టించుకుని ఉంటే, పునాది తీయకముందే మీ చేతిలో ఒక రంగుల బొమ్మ పెట్టి ఉంటారు. లేని ఇల్లు అందులో ఫోటో తీసినట్టు ఉంటుంది. దాన్ని రెండర్ అంటారు. కంప్యూటర్లో ఇంటిని నిలబెట్టి, గోడలకు రంగులు, నేలకు బండలు వేసి, పైన సూర్యుణ్ణి పెట్టి తీస్తాం. ఎనిమిదేళ్లుగా నేను చేస్తున్న పని అదే. నేర్పింది సార్.

సార్ డ్రాఫ్ట్స్‌మన్. పత్తర్‌గట్టి వెనుక గల్లీలో, బట్టల దుకాణం పైన ఒక్క గది ఆఫీసు. పాతబస్తీలో అరవై గజాల, ఎనభై గజాల ఇళ్లకు ఏళ్ల తరబడి చేత్తో ప్లాన్లు గీసి, తర్వాత కంప్యూటర్ మీద గీసిన మనిషి. మాది మొఘల్‌పురాలో పాల వ్యాపారం. మా అత్తమ్మ సార్ ఇంట్లో పాలు పోసేది. ఆఫీసులో టైపింగ్‌కు మనిషి కావాలని అక్కడే విని వచ్చి, "ఇంట్ల కూసోని ఏం జేస్తవ్, పొయ్యి అడుగు," అని నన్ను పంపింది. నాకప్పుడు ముప్పై మూడేళ్లు. ఇంటర్ తర్వాత చదవలేదు.

మూడు నెలలు టైపు చేశాక ఒకరోజు సార్ రెండో కంప్యూటర్‌ను నా వైపు తిప్పారు.

"బిడ్డా, గీ త్రీడీ బొమ్మలు అందరు అడుగుతున్నరు. నువ్వు నేర్చుకో."

"నాకేం వస్తది సార్?"

"నాకు మస్తొచ్చా? నీకంటె ఆర్నెల్లు ముందు మొదలువెట్టిన. గంతే ఫరక్."

అది మర్యాదకు అన్న మాట కాదు. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆయన వీడియోలు ఆపుతూ, వెనక్కి జరుపుతూ నేర్చుకున్నారు. ఇంగ్లిష్ మెనూలో మాటలన్నీ తెలుగు అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకుని, ఏది నొక్కితే ఏమవుతుందో పక్కన రాసుకున్నారు. కొన్నిచోట్ల "తెల్వలే, ముట్టద్దు" అని ఉండేది. ఆ నోటుబుక్కే నా పాఠ్యపుస్తకం.

మొదటిరోజే మౌస్ చక్రం గట్టిగా తిప్పాను. తెరంతా బూడిదరంగు అయిపోయింది. సార్ రెండు రోజులు కూర్చుని నిలబెట్టిన ఇల్లు అది. మౌస్ వదిలేసి సార్ వైపు తిరిగాను.

"సార్, ఇల్లు పోయింది!"

ఆయన కూర్చున్నచోటి నుంచి లేవలేదు. "యాడికి పోదు. నువ్వు గోడల జొచ్చినవ్. ఎనుకకు రా," అన్నారు. చక్రం వెనక్కి తిప్పితే ఇల్లు కనబడింది. ఆ తర్వాత నేను ఎన్ని గోడల్లో ఇరుక్కున్నానో లెక్కలేదు. సార్ ఎప్పుడూ విసుక్కోలేదు.

నెలరోజులు రంగులు ముట్టనివ్వలేదు. అన్నీ తెల్లగోడలే. సూర్యుణ్ణి జరపడం, నీడ ఎటు పడుతుందో చూడటం, అంతే పని. రంగులు వేయనిచ్చిన రోజు ముందుగోడకు ఇటుకలు పెట్టి మురిసిపోయాను. సార్ కళ్లద్దాలు పైకి నెట్టి చూశారు. "ఒక్కో ఇటుక తలుపంత ఉన్నది. గింత ఇటుక మోసే మేస్త్రిని యాడికెళ్లి తేవాలె?" కొలత మనమే ఇవ్వాలని నాకు తెలియదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ కొలిచే టేపు ఉండేది. చాయ్ తాగడానికి దిగినా హోటల్ బల్ల ఎత్తు చెప్పమనేవారు. ముందు కంటితో అంచనా చెప్పాలి, తర్వాత టేపు పెట్టాలి. మెట్టు, షట్టరు, గాజుల దుకాణం గల్లా, దేన్నీ వదల్లేదు. సాఫ్ట్‌వేర్‌లో రాయి ఎంత గరుకుగా ఉండాలో ఒక గీత మీద జరిపి పెట్టాలి. ఎంత పెట్టమంటారని అడిగితే, "కిందికి పొయ్యి గోడ ముట్టి రా," అన్నారు. పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద, అంత జనంలో, గోడకు అరచెయ్యి రాస్తూ నిలబడ్డాను. అత్తరు అమ్మే ఆయన, "క్యా ఢూండ్ రహే బహెన్?" అని, ఏం వెతుకుతున్నానో అడిగాడు. నవ్వి పైకొచ్చేశాను.

"ఎట్లున్నది?" అన్నారు సార్.

"కింద నున్నగున్నది సార్. పైన గరుకు."

"ఎందుకు?"

"జనం ఆనుకోని ఆనుకోని."

"మరి రెండు తీర్ల పెట్టు."

ఇక నా తప్పు సంగతి చెప్పాలి. లక్కగాజులకు రాళ్లు అద్దే ఆమె ఒకరు మా దగ్గరికి వచ్చింది. అందరూ ఖాలా, అంటే పిన్నీ, అనేవారు, మేమూ అదే అన్నాం. అరవై గజాల పాత ఇల్లు పడగొట్టి మూడంతస్తులు కట్టాలని ఆమె ఆశ. కింద గాజుల పని, పైన ఇద్దరు కొడుకుల కాపురాలు. ప్లాన్ సార్ గీశారు. బొమ్మ తీసే పని మొదటిసారి పూర్తిగా నాకప్పగించి, ఆయన కరీంనగర్‌లో పెళ్లికి వెళ్లారు.

వారం రోజులు ప్రాణం పెట్టి చేశాను. ఇంటిముందు రెండు చెట్లు, పైన నీలి ఆకాశం, గాజుల గదిలో నేలంతా ఎండ. ఎదురిల్లు పెడితే మన ఇల్లు సరిగా కనబడటం లేదని తీసేశాను. ఖాలా ఆ బొమ్మ చూసి నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. గల్లీలో ఇంటింటికీ తీసుకెళ్లి చూపించింది.

సార్ ఊరినుంచి వచ్చి చాలాసేపు చూశారు. "బొమ్మ మంచిగొచ్చింది. గీ చెట్లు ఏ గల్లీల ఉన్నయ్ బిడ్డా?" అని, టేపు తీసుకుని నన్ను వెంటబెట్టుకుని ఖాలా జాగాకు నడిచారు. గల్లీ వెడల్పు తొమ్మిదడుగులు. ఎదురుగా నాలుగంతస్తుల గోడ. సార్ దాన్ని చూసి తల పట్టుకున్నారు. "నేను కొలత తీసుకున్ననాడు ఇది రెండంతస్తులే ఉండె. మళ్లొచ్చి చూడలే. తప్పు నాది గూడ."

వెనక్కి వచ్చి ఎదురిల్లు, పక్కిళ్లు ఉత్త డబ్బాల్లాగా నిలబెట్టాం. ఉత్తరం దిక్కు సరిచేసి, సూర్యుణ్ణి గంటగంటకూ జరిపాం. గాజుల గదిలోకి ఏ గంటలోనూ ఎండ రాలేదు. మధ్యాహ్నం పన్నెండుకు కూడా గది బొగ్గులా ఉంది. నేను ఏడ్చాను. "ఖాలాను మోసం చేసిన, సార్," అన్నాను.

"మోసం ఏంది? వేరే ఊర్ల ఇంటి బొమ్మ తీసినవ్, గంతే. ఇప్పుడు పొయ్యి ఆమెకు చెప్పాలె. నువ్వే చెప్పు. నేను పక్కన నిలబడ్త."

చెప్పాను. ఖాలా ముందు నమ్మలేదు, తర్వాత మండిపడింది. "ఉస్ దిన్ జన్నత్ దిఖాయే, ఆజ్ ఖబర్ దిఖా రహే? ఆనాడు స్వర్గం జూపి ఇయ్యాల గోరి జూపిస్తరా? పది దినాలల్ల పునాది. నా బొమ్మ నాకున్నది. గదే కట్టుకుంట!" సార్ గొంతు పెంచలేదు. "కట్టుకో ఖాలా. కానీ నీది కండ్లతోని పని. రెండు బొమ్మలు తీస్కపో. రోజు పదకొండు గంటలకు జాగల కూసోని చూడు," అన్నారు. ఆమె రెండో బొమ్మను మడిచి సంచిలో కుక్కుకుని వెళ్లిపోయింది.

ఆ వారమంతా నేను కొత్త పని ముట్టుకోలేకపోయాను. ఎవరైనా మెట్లెక్కుతున్న చప్పుడైతే తల ఎత్తేదాన్ని. సార్ మాత్రం ప్లాన్‌ను మూడు రకాలుగా తిరగ్గీస్తూ కూర్చున్నారు. "ఆమె రాకపోతే?" అన్నాను. "రాకపోతే కాయితం పాడైతది. ఇంకేమైతది?"

ఎనిమిదోరోజు ఖాలా వచ్చింది. రొప్పుతూ బల్ల మీద నల్లబొమ్మ పెట్టి, "ఏ సచ్ బోల్ రహీ, సార్. గీ బొమ్మనే నిజం జెప్తున్నది. జాగల సూది మొనంత ఎండ గూడ పడ్త లేదు. ఇప్పుడేం జెయ్యాలె, చెప్పు," అంది.

గాజుల గది మూడో అంతస్తుకు పోయింది. మెట్లు చీకటి మూలకు జరిగాయి. ఇంటి మధ్యలో కిందిదాకా ఆకాశం కనబడేలా ఐదడుగుల ఖాళీ వదిలాం. దానికోసం ఖాలా చిన్నకొడుకు వాటాలో ఒక గది పోయింది. అతను చాలారోజులు మాతో మాట్లాడలేదు. ఈసారి బొమ్మలో ఎదురుగోడ పెట్టాను, కరెంటు వైర్లు పెట్టాను, గల్లీలో ఆగిన స్కూటర్ కూడా పెట్టాను. ఖాలా ఆ బొమ్మను ఎవరికీ చూపించలేదు. మేస్త్రికి ఇచ్చింది.

ఇల్లు పూర్తయ్యేనాటికి సార్‌కు మెట్లు ఎక్కొద్దన్నారు డాక్టర్లు. ఆఫీసు నా చేతికొచ్చింది. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లి ఆరోజు తీసినవి ఫోన్లో చూపించేదాన్ని. పోయిన చలికాలంలో ఒకరోజు, "ఖాలా ఇల్లు చూస్త, తోల్కపో," అన్నారు. వద్దంటే వినలేదు. పదకొండు కావస్తుండగా స్కూటర్ మీద తీసుకెళ్లాను. పైకి ఎక్కలేరు కాబట్టి, ఖాలా చిన్నకొడుకే కుర్చీ తెచ్చి గల్లీ మధ్యలో వేశాడు. బండ్లన్నీ హారన్ కొట్టకుండా పక్కనుంచి మెల్లగా పోతున్నాయి.

మూడో అంతస్తు కిటికీలోంచి ఖాలా చెయ్యి బయటపెట్టి, "సార్, చాయ్ పంపుతున్న, జల్ది పోవద్దు!" అని ఊపింది. మోచేతిదాకా గాజులే. వాటి రాళ్ల మీద ఎండ పడి, ఎదురుగోడ నిండా ఎరుపూ పచ్చా చుక్కలు చెల్లాచెదురుగా పరుగెత్తాయి. ఆమె చెయ్యి ఊపినప్పుడల్లా అవీ ఊగాయి. సార్ ఇంటిని చూడటం మాని, కుర్చీలో పక్కకు తిరిగి, ఆ గోడనే చూస్తూ కూర్చున్నారు.