చీమకుర్తి క్వారీ గుంటలు, ఇద్దరికి ఒక దోమతెర

...అయితే చీమకుర్తి యాత్ర గురించి నిన్న రాయని సంగతి ఒకటుంది. ఆ ప్రయాణం నాది కాదు, హారికది. హారిక మా పై వాటాలో ఉండే పెదనాన్న కూతురు, నా క్లాసే. వాతావరణానికీ మలేరియాకీ సంబంధం ఏమిటన్న ప్రాజెక్ట్ టీచర్ దానికే ఇచ్చారు. ఇంట్లోవాళ్లు నన్ను దానికి తోడుగా పంపారు, వాటర్ బాటిల్ పంపినట్టు.

గుంటూరులో పొద్దున్నే ఆరింటి బస్సెక్కితే తొమ్మిది దాటాక ఒంగోలు చేరాం. టికెట్ రెండు వందల లోపే. అక్కణ్ణించి చీమకుర్తికి ఇంకో బస్సు, గ్రానైట్ లారీల వెనకాల నత్తనడక. మా మేనత్త అక్కడ నర్సు. ఆటో మాట్లాడి క్వారీల వైపు తీసుకెళ్లింది. రాయి తీసేసిన గుంటల్లో వాననీళ్లు అద్దంలా ఉన్నాయి.

“ఇంత శుభ్రమైన నీళ్లలో దోమలా?” అన్నాను.

“మలేరియా దోమకి మురుగు కాదే, ఇలాంటి నీళ్లే ఇష్టం,” అంది అత్త. “ కుండపోత వానకైతే లార్వా కొట్టుకుపోద్ది. వాన ఆగి, ఎండ కాసి, మళ్లీ జల్లు పడిందనుకో, ఇక దానికి పండగే. గాల్లో తేమ ఉంటే దోమ ఎక్కువ రోజులు బతుకుద్ది.”

“మాకూ అప్పుడేనండి బేరాలు, ఆస్పత్రికి!” అని నవ్వాడు ఆటో డ్రైవర్.

హారిక గబగబా రాసేసుకుంది. “నా బంగారం, ఎంత శ్రద్ధో!” అంటూ అత్త దాని బుగ్గ పుణికింది. ప్రశ్న అడిగింది నేను.

ఆ రాత్రి కరెంటు పోతే డాబా మీద పక్కలేశారు. ఉన్నది ఒక్కటే దోమతెర. “ఇద్దరూ దూరండే, పడతారు,” అంది అత్త. హారిక పక్కన పడుకోవడం ఇష్టంలేక, ఉక్కగా ఉందని చెప్పి నేను బయటే పడుకున్నాను.

రెండు వారాలు దాటింది. మొన్న మధ్యాహ్నం పళ్లు టకటకలాడేంత చలి, తర్వాత జ్వరం, చెమట. నిన్న బాగానే ఉన్నాను. ఇవాళ మళ్లీ అదే వేళకి చలి. ఫస్ట్ ప్రైజ్ రిబ్బన్‌తో హారిక చార్ట్ మా హాల్లోనే వేలాడుతోంది. అందులో ఎర్ర స్కెచ్‌తో రాసింది: చలిజ్వరం రోజు విడిచి రోజు రావచ్చు. దాని కింద, మందు వేసుకోకపోతే ఏమవుతుందో కూడా ఉంది. అది పూర్తిగా చదవలేకపోయాను. ఇంట్లో చెబితే తెర సంగతీ చెప్పాలి. అప్పుడూ హారికే బుద్ధిమంతురాలు.

వాన వెలిశాక ఆ గుంటలు నిజంగా బాగుంటాయి. నేను వాటిని చూసింది తక్కువ, హారికని ఎవరు మెచ్చుకుంటున్నారో చూసింది ఎక్కువ. ముసురు వెలిసిన రోజుల్లో వెళ్లేవాళ్లు సొంత దోమతెర తీసుకెళ్లండి. వచ్చాక చలిజ్వరం తగిలితే అదే రోజు రక్తపరీక్ష చేయించు—

తలుపు కొడుతున్నారు.

“ఏమే, ఇంత ఎండలో ఫ్యానాపి రెండు దుప్పట్లు కప్పుకున్నావంట? పిన్ని కంగారుపడుతోంది. తియ్యవే!”

హారిక.

కాగితాలు పరుపు కింద పెట్టేస్తున్నాను. వణికే చేతులు ఎక్కడ పెట్టుకోను?