బావ అన్నం మానేశాడు

నరసన్నపేటలో ధాన్యం వ్యాపారం చేసే మా బావ, అంటే మా అక్క మొగుడు, కిందటేడు ఒక ఉదయం అన్నం మానేస్తున్నానని ఇల్లంతా వినపడేలా ప్రకటించాడు. పొట్ట తగ్గాలట, షుగరు అదుపులోకి రావాలట. ఫోన్లో ఎవరో డాక్టరు చెప్పాడట. కార్బ్స్ అనే మాట ఆ రోజే పుట్టినట్టు, దాన్ని తనే కన్నట్టు మాట్లాడాడు.

మా ఇళ్లలో శనివారం రాత్రి అన్నం తినరు, ఫలహారం చేస్తారు. అది బావ బుర్రకు ఎక్కింది, అంతే. వారమంతా శనివారం చేసేశాడు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం గిన్నెడు ఉప్మా, రాత్రి వద్దనేదాకా అట్లు. అక్క పెనం ముందునుంచి కదిలితే ఒట్టు. పైగా నేను అన్నం కలుపుకుంటుంటే తాగుబోతును చూసినట్టు జాలిగా చూసేవాడు.

"అట్టులో బియ్యం ఉండవేటి బావా?" అని ఉండబట్టలేక అడిగాను.

"ఒరే, టిఫిను తిండవుతాదేటి? నాను అన్నం ముట్టుకోడం సూసినావా?" అని కసిరాడు.

నెల తిరిగాక, కొట్లో ధాన్యం బస్తాలు తూచే కాటా ఎక్కాడు. బరువు పెరిగింది. దిగి, చెప్పులు విడిచి, మళ్లీ ఎక్కాడు. అంతే చూపించింది.

"ఈ కాటా తప్పు సూపిస్తన్నాది," అన్నాడు.

ఇన్నేళ్లుగా అదే కాటా ముందు నిలబడి అదే మాట అన్న ప్రతి రైతునూ కొట్లోంచి గెంటింది ఈయనే.