అవ్వ ఎక్కిన కాటా

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడు నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరి వైపు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా వేశారు. సూపర్‌వైజర్ అంటే కొన్ని కేంద్రాలకు పైఅధికారి. కేంద్రం నడిపేది టీచరు, ఆమెకు సాయం ఆయా. రిటైరయ్యాక కూడా ఆ రోజులు తలుచుకుంటే నాకు కాలు ఒకచోట నిలవదు.

కొండ కింద గొర్రెలు మేపుకునేవాళ్ల ఊరొకటి ఉంది. అక్కడి టీచరు సలోమి నేను వెళ్లగానే హాసిని అనే రెండేళ్ల పిల్లను చూపించింది. జబ్బ చుట్టూ మేము చుట్టే రంగుల టేపు ఎరుపు చూపింది. ఎరుపంటే పిల్ల ప్రమాదంగా చిక్కిపోయిందని. ఉదయగిరి డాక్టరు పరీక్షించి, జ్వరం లేదు, ఆకలి ఉంది, ఇంటి దగ్గరే మంచి తిండి పెట్టి చూడమన్నాడు. అయితే వారం వారం బరువు పెరగాలి, లేకుంటే నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాల్సిందేనన్నాడు. తల్లి రమణమ్మ గుండెల్లో రాయి పడింది. భర్త మందను తోలుకుని కోతలైన పొలాలకు పోయున్నాడు. ఇంటి దగ్గర మిగిలిన గొర్రెలకు ఆమే దిక్కు.

సరే, తూద్దామంటే అవ్వ ఓబులమ్మ అడ్డం పడింది. మా పసిపిల్లల కాటా కొక్కానికి వేలాడుతుంది. బిడ్డను గుడ్డ సంచిలో కూర్చోబెట్టి దానికి తగిలిస్తాం. దిష్టి భయమేమోనని, ఎవరూ లేనప్పుడు తూస్తామని నేనూ సలోమీ బతిమాలాం. అప్పుడు చెప్పింది ఓబులమ్మ.

“దిష్టి కాదమ్మా. మా ఇంట్లో కాటాకు తగిలించిన గొర్రెపిల్ల ఒక్కటన్నా మళ్లీ దొడ్లోకి వచ్చినాదా? ఇదేంది, బిడ్డను తగిలించమంటారు?”

ఆత్మకూరు నుంచి వచ్చే బేరగాళ్లు గొర్రెపిల్ల కాళ్లు కట్టి, ఇట్లాంటి కొక్కానికే తగిలించి తూస్తారు. తూచాక అది కోతకే. ఆమెది మూఢనమ్మకమని అనడానికి నాకు నోరు రాలేదు.

కేంద్రంలో గర్భిణులు నిలబడి బరువు చూసుకునే మిషన్ ఉంది. మనవరాలిని చంకనెత్తుకుని నువ్వే ఎక్కు అన్నాను. ఆ మొత్తంలోంచి అవ్వ ఒక్కదాని బరువు తీసేస్తే పిల్లది తేలుతుంది. మా శాఖ ఒప్పుకునే పద్ధతే అది. ఓబులమ్మ మిషన్ చుట్టూ తిరిగి చూసి, చెప్పులు విడిచి ఎక్కింది.

“తూయండి. బిడ్డ నాతోపాటే ఎక్కింది, నాతోపాటే దిగుద్ది. ఈ ముసలిదాన్ని కొనే బేరగాడు ఏడ ఉండాడో చూస్తా.”

రమణమ్మ కూడా పకపకా నవ్వింది.

మొదటి వారం బరువు ఉన్నచోటే ఉంది. ఆరా తీస్తే, మేమిచ్చిన బాలామృతం పిండి, గుడ్లు ఇంటికి పోయాక అన్నలకు కూడా పంచుతున్నారు. ఆకలిగొన్న పిల్లల మధ్య ఒక్కదానికే పెట్టమంటే ఏ తల్లికి చేతులొస్తాయి? అందుకని హాసిని కేంద్రంలోనే తినేట్టు ఏర్పాటు చేశాం. ఓబులమ్మ రోజూ వచ్చి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, ముద్దలు చేసి పెట్టింది. పిల్ల మారాం చేస్తే తిట్టి, మళ్లీ తానే బుజ్జగించేది.

మరుసటి తూకంలో పిల్ల బరువు పెరిగింది! లెక్క తప్పిందేమోనని అవ్వను మళ్లీ ఎక్కించాను. పెరిగిన మాట నిజమే. సలోమి ‘స్తోత్రం’ అంది, ఓబులమ్మ కొండవైపు తిరిగి దండం పెట్టింది, నేను సూపర్‌వైజర్‌నన్న సంగతే మరిచి చప్పట్లు కొట్టాను. అక్కడి నుంచి ప్రతి తూకం మాకు పండగే. టేపు పసుపులోకి, తర్వాత ఆకుపచ్చలోకి వచ్చింది. ఇక నెల్లూరు పోనక్కర్లేదని డాక్టరు చెప్పిన రోజున రమణమ్మ ఏడ్చేసింది.

మనం పట్టుకుపోయే పనిముట్టు ఆ ఊళ్లో అంతకు ముందే ఏ పని చేస్తున్నదో కనుక్కోవాలి. నాకు అక్కడ తెలిసింది ఇదే. ఆ తర్వాత గొర్రెలున్న ఏ ఊరికి పోయినా, ముందు అవ్వలనే మిషన్ ఎక్కమన్నాను.