సెంబవాంగ్‌లో ఓడలు కొనేదెవరు?

నేను సెంబవాంగ్ వెళ్లడానికి కారణం మా ఎకనామిక్స్ టీచర్. ఇళ్లలో మనం కొని వాడుకునేవాటికి దేశ ఆర్థిక వ్యవస్థలో ఒక వాటా ఉంటుందట. ఇంత సంపాదించే ఈ చిన్న దీవిలో ఆ వాటా చాలా దేశాలకంటే తక్కువట. ఎందుకో పుస్తకంలో చూడకూడదు. ముక్కూమొహం తెలియని ఒక మనిషిని ఈ వారం ఏం కొన్నారో అడిగి, ఆలోచించి, సోమవారం క్లాసు ముందు నిలబడి చెప్పాలి. హైదరాబాద్ నుంచి వచ్చి మూడు నెలలైనా నేను క్లాసులో నోరు విప్పలేదు. జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు ఆంటీలను అడిగితే సాయంత్రానికల్లా అమ్మకు తెలుస్తుంది, జవాబు కూడా తనే రాసిపెడుతుంది. నాన్నకు ఆదివారం కూడా ఆఫీసే. అందుకని లైబ్రరీకని చెప్పి, దీవికి ఇంకో కొసన మమ్మల్నెవరూ ఎరగని సెంబవాంగ్‌కు ఒక్కదాన్నే బయల్దేరాను.

పదకొండింటికి బస్సులో బూన్ లే, అక్కడ రైలెక్కి జురాంగ్ ఈస్ట్, అక్కడ మారి సెంబవాంగ్. అంతా కలిపి గంట పైనే పట్టింది. రానుపోను ఛార్జీ ఒక పూట భోజనమంత. తలుపులు తెరుచుకున్న ప్రతిసారీ తెలిసినవాళ్లెవరైనా ఎక్కుతారేమోనని పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కానీ రైలు వంతెన మీద ఎత్తులో పోతుంటే, కిటికీల్లో ఆరేసిన రంగురంగుల బట్టలు చూసి పుస్తకం ఎప్పుడు దించేశానో నాకే తెలియదు.

పన్నెండున్నరకు స్టేషన్ దగ్గరి ఫుడ్ సెంటర్‌లో కాలు పెట్టే చోటు లేదు. ఒక్క టేబుల్ మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద టిష్యూ ప్యాకెట్ ఒకటి. పాపం ఎవరో మరిచిపోయారనుకుని తీసుకెళ్లి నూడుల్స్ ఆంటీకి ఇచ్చాను.

ఆవిడ తల పట్టుకుంది. "అయ్యో గర్ల్! దట్ వన్ చోప్ లా! టేబుల్ గాట్ పీపుల్ ఆల్రెడీ!"

ఇక్కడ టేబుల్ మీద టిష్యూ పెట్టి వెళ్తే ఆ చోటు పెట్టినవాళ్లదే, దాన్నే చోప్ అంటారట. నేను వెనక్కి తిరిగేసరికి ఆ టేబుల్ నిండా ఒక కుటుంబం కూర్చుంది. చేతిలో ప్లేటుతో ఒకాయన వాళ్లనే చూస్తూ, "ఓర్నాయనో, నా టేబులెవులు ఎత్తుకుపోనారు?" అన్నాడు.

తెలుగు! పారిపోవచ్చు, నేనని ఆయనకు తెలియదు. కానీ నోరు ముందే తెరుచుకుంది. "నేనే, అంకుల్. సారీ."

"తెలుగు పిల్లవా! టేబులు పోతే పోనాది." బయట మెట్ల మీద కూర్చుని నాకూ చోటిచ్చాడు. "ఒక్కద్దానివే వచ్చీసినావేటి? ఇంట్లో సెప్పినావా?"

"లైబ్రరీకని చెప్పాను."

"మంచి లైబ్రరీయే, అన్నం కూడా పెడతాది."

ఆయనది శ్రీకాకుళం వైపు, షిప్‌యార్డులో వెల్డర్. ఈ వారం ఏం కొన్నారని అడిగాను. బియ్యం, సబ్బు, ఇంటికి మాట్లాడ్డానికి ఫోన్ కార్డు.

"అంతేనా? ఇంత పని జరిగే ఊళ్లో కొనేది ఇంత తక్కువేంటి అంకుల్?"

ఆయన నవ్వాడు. "నాను ఓడలు బాగుసేత్తాను. ఈ ఊరోళ్లెవులైనా ఓడ కొని ఇంట్లో ఎట్టుకుంతారేటి? మీయమ్మ కొంతాదా? బాగయ్యాక అది సముద్రం మీద ఎల్లిపోద్ది. మీ నాన్న ఏటి సేత్తాడు?"

"సాఫ్ట్‌వేర్."

"అది మాత్రం మీ వంటింట్లోకేటి?"

నాన్న ఆదివారాలు పోయేది ఎక్కడో అమెరికా బ్యాంకు పనికి. ఇక్కడ చేసేది ఎక్కువగా బయటివాళ్లే కొంటారు, ఇళ్ల వాటా చిన్నదిగా కనిపించేది అందుకే! మెట్ల మీదే నోట్‌బుక్ తీశాను.

నేను వచ్చేటప్పుడు నూడుల్స్ ఆంటీ దగ్గర్నుంచి ఆ టిష్యూ ప్యాకెట్ తెచ్చి నా చేతిలోనే పెట్టాడు. "అమ్మతో నిజం సెప్పీయి."

చెప్పాను. అరగంట తిట్టింది. తర్వాత, "నీ మూలంగా ఆయన మెట్ల మీద తిన్నాడా! మనింటికి భోజనానికి పిలవాలని తెలీదూ?" అని ఇంకో అరగంట తిట్టింది.

సోమవారం క్లాసు ముందుకు వెళ్లాను. టిష్యూ ప్యాకెట్ టీచర్ బల్ల మీద పెట్టి, "మా అమ్మ ఇంతవరకు ఒక్క ఓడ కూడా కొనలేదు" అన్నాను. క్లాసంతా నవ్వింది, టీచర్ కూడా. రెండో వాక్యం దానంతటదే వచ్చింది.

క్లాసులో నాలుగు నోట్‌బుక్కులు నింపినా అర్థం కానిది ఒక తప్పు చేస్తే అర్థమైంది. ఊరు చూడటమంటే అక్కడివాళ్లు ఏం కొంటున్నారో, ఎవరి కోసం పనిచేస్తున్నారో అడగటం కూడానేమో. మీరు వెళ్తే పన్నెండులోపే చేరండి. బ్యాగులో ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టుకోండి. టేబుల్ మీదున్నది మాత్రం ముట్టుకోకండి, అది ఎవరూ మరిచిపోయింది కాదు.