పెద్దబాపు లేని బ్యాండు ఫోటో

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లోని నా డిజైనింగ్ షాపుకి ఒక పెద్దమనిషి కుటుంబం ఫోటో పట్టుకొచ్చి, అందులోంచి అల్లుణ్ణి తీసెయ్యమన్నాడు. విడాకులైపోయాయట. ఫోటోల్లోంచి మనుషుల్ని తీసే పని నేను చెయ్యనని చెప్పాను. ఆయన నన్నూ నా కంప్యూటర్‌నీ మార్చి మార్చి చూసి, "మరి గిదెందుకు పెట్టుకున్నరు మేడం?" అని వెళ్లిపోయాడు. న్యాయమైన ప్రశ్నే. ఒకప్పుడు ఆ పని నేను బాగా చేసేదాన్ని. ఎంత బాగా చేశానో మా ఇంట్లోవాళ్లకి కూడా ఇంతవరకూ చెప్పలేదు.

షాపు పెట్టిన కొత్తలో మా కింది గదిలో ఒక పెళ్లి బ్యాండు ఆఫీసు ఉండేది. ఓనర్ని నేను అన్నయ్యా అనేదాన్ని. మాది గుంటూరు వైపు, వాళ్లది పోచంపల్లి వైపు. మధ్యాహ్నం వాళ్లు సాధన మొదలుపెడితే, నాకు ఫోన్ చేసినవాళ్లు ఎవరి పెళ్లిలో ఉన్నారండీ అని అడిగేవాళ్లు. ఒకరోజు అన్నయ్య పైకొచ్చి, "చెల్లె, ఎల్‌బీ నగర్ల కొత్త బ్యాండోల్లు మస్తు టిప్‌టాప్‌గ ఉన్నరు. మనది గూడ జర మంచిగ చెయ్యి" అన్నాడు. చెయ్యాల్సింది చాలానే ఉంది. బోర్డు మీద సింహం, వ్యాను మీద నెమలి, విజిటింగ్ కార్డు మీద గుర్రం. చూసినవాళ్లు జంతువుల్ని అద్దెకిస్తారనుకోవాలి. బ్యాండు పేరు కూడా ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో ఉండేది. కోట్లు మూడు రంగులు. ఎక్కడ చూసినా ఇది ఈ బ్యాండే అని తెలియాలంటే రంగు, అక్షరం, బొమ్మ అన్నీ ఒకటే ఉండాలని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

ఆ బొమ్మ ఏదవ్వాలో తేల్చింది అన్నయ్య పెదనాన్న. అన్నయ్యతోపాటు మేమందరం ఆయన్ని పెద్దబాపు అనేవాళ్లం. కుర్రతనంలో మగ్గం నేసి, తర్వాత క్లారినెట్ పట్టుకుని, ఆ బ్యాండుని మొదలుపెట్టిన మనిషి. డెబ్బై దాటినా ఊపిరి తగ్గలేదు. కుడి చెంప నుంచి పెదవుల దాకా, రెండు చేతుల మీదా బొల్లి మచ్చలుండేవి. ఆయన ఇంటి నుంచి ఒక పాత ఇక్కత్ నేత గుడ్డ ముక్క తెచ్చి నా బల్ల మీద పరిచాడు. మెరూన్ మీద మీగడ రంగు, మెట్లు మెట్లుగా ఎక్కి దిగే డైమండు. నేను దాన్ని కంప్యూటర్లో గీసి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు. "అంచు జర చెదరాలె బిడ్డా. గంత సాఫ్‌గ ఉంటే మిషన్ గుడ్డ అంటరు." నాలుగుసార్లు మార్పించాడు. అయిదోసారి నా వీపు తట్టాడు. కోటు కాలరు, డ్రమ్ము అంచు, వ్యాను, కార్డు, నెట్‌లో పేజీ, అన్నిటి మీదా ఆ డైమండే.

ఇక ఫోటో మిగిలింది. కొత్త మెరూన్ కోట్లేసుకుని పదకొండుమంది మా మేడ మీద నిలబడ్డారు. పెద్దబాపు మధ్యలో, పక్కనున్న ట్రంపెట్ అతని భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. మంచి ఫోటో. కానీ కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే నా కళ్లు ఆ మచ్చల మీదే ఆగాయి. పెళ్లివాళ్లు ఏమనుకుంటారో అని నాలో నేనే అనుకున్నాను. ఎవరూ అనలేదు, ఎవరూ అడగలేదు. మనిషిని తియ్యడానికి పది నిమిషాలు పట్టింది. పక్కవాడి భుజం మీది చెయ్యి తియ్యడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఆ వేళ్ల కింద నలిగిన కోటు మడతల్ని ఒక్కొక్కటే సాపు చెయ్యాల్సొచ్చింది. మిగతా పదిమందినీ దగ్గరికి జరిపాను. అన్నయ్య దాన్ని చాలాసేపు చూసి, "మంచిగుంది" అని తీసుకెళ్లాడు. వ్యాను మీద అంటించిన రోజు పెద్దబాపు దాని చుట్టూ ఒకసారి తిరిగి, "అంచులు మంచిగొచ్చినయ్ బిడ్డా" అన్నాడు. ఫోటో ఊసెత్తలేదు. చూసుండడనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ వేసవిలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్లికి ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాలు తీసుకున్నారు. బ్యాండు నేనే కుదిర్చాను. మగపెళ్లివారు వచ్చే వేళకి బ్యాండు గేటు దగ్గర వరుస కట్టింది. పన్నీరు బుడ్డి పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. పెళ్లికూతురి మేనమామ ఫోను చూస్తూ వచ్చి అన్నయ్యని ఆపాడు.

"ఏవండీ, మీ ఫోటోలో పదిమందే కదా ఉన్నారు? కార్డు మీద ఈయన లేడు, వ్యాను మీద లేడు. కొత్తవాణ్ణి తెచ్చారా? అయినా ఆ మొహం ఏంటండీ, శుభమా అని పెళ్లి జరుగుతుంటే! కాస్త పక్కన ఉండమనండి."

అన్నయ్య నా వైపు చూశాడు. నేను పన్నీరు బుడ్డి వైపు చూశాను. పెద్దబాపు క్లారినెట్ దించి, మామూలు గొంతుతో, "ఫోటో దిగిననాడు నాకు జరమొచ్చింది సార్. అందుకే లేను" అన్నాడు. అని నెమ్మదిగా నడిచివెళ్లి వ్యానులో కూర్చున్నాడు. క్లారినెట్ లేకుండానే పాట మొదలైంది. నేను వచ్చినవాళ్లందరి మీదా పన్నీరు చల్లుతూనే ఉన్నాను.

భోజనాలప్పుడు ఆకు నిండా వడ్డించి వ్యాను దగ్గరికి తీసుకెళ్లాను. కోటు విప్పి, మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. నన్ను చూసి, "నువ్వు తిన్నవా బిడ్డా?" అన్నాడు. తిన్నానన్నాను. అదీ అబద్ధమే.

వారం తర్వాత ఆయన్ని ఫోటోలో తిరిగి పెట్టి, బోర్డు నుంచి కార్డు దాకా అన్నీ మళ్లీ వేయించాను. అన్నయ్య దగ్గర తప్పు ఒప్పుకుంటే, "మొదటి రోజే చూసిన చెల్లె. నాకు గూడ గిరాకీయే కనపడ్డది" అని తల దించుకున్నాడు. ఇద్దరం తుర్కయంజాల్‌లో పెద్దబాపు కూతురింటికి వెళ్లాం. చేసింది చెప్పాను. ఆయన కొత్త ఫోటోని వెలుతురుకి పట్టుకుని చూశాడు.

"ఎరుకనే బిడ్డా. వాని భుజం మీద చెయ్యేసి నిలబడ్డది నాకు యాదున్నది. ఫోటోల పెట్టినవు, మంచిది. పెండ్లిలకు మాత్రం రాను. ఇగ అందరు నా మొఖం చూస్తరు, ఫోటోల ఉన్ననా లేనా అని ఫోన్ చూస్తరు."

అన్నయ్య ఎంత బతిమాలినా మళ్లీ రాలేదు. క్షమించానని ఆయన అనలేదు. అడిగే ధైర్యం నాకు రాలేదు. చాయ్ ఇచ్చారు, తాగి వచ్చేశాం. ఆయన పోయి చాలా ఏళ్లయింది. అంతమంది ముందు నన్ను కాపాడే మాట వెతుక్కోవడానికి ఆయనకి ఒక్క క్షణం పట్టింది. నిజం చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆ తర్వాత ఇన్నేళ్లు గడిచాయి గాని, ఆ వారం మాత్రం ఇంకా గడవలేదు.