మంచులో పళ్లెం చప్పుడు

ఆమె పేరు నేను అడగలేదు. నరసన్నపేటలో నా పక్క సీట్లో కూర్చున్న దగ్గర్నుంచి ఒక ఎక్స్‌రే ఫిల్మును బస్సు కిటికీకి ఆనించి చూస్తూనే ఉంది. వాళ్లది భావనపాడట. సముద్రం మీద వేటకు వెళ్లే భర్త ఇప్పుడు శ్రీకాకుళంలో ఆసుపత్రిలో ఉన్నాడు.

“కఫం పచ్చగా పడతాంటే బ్యాక్టీరియా నిమ్ము అనుకున్నారు బాబూ. ఎన్ని ఇంజక్షన్లు సేసినా జొరం దిగనేదు, ఆయాసం పెరిగిపోనాది. రెండు రకాల నిమ్మూ ఫొటోలో ఒక్కలాగే ఉంతాదట. ముక్కులో పుల్లెట్టి టెస్టు సేస్తే వైరస్సని తేలినాది. ఏరే గదిలో ఎట్టేసి నన్ను సూడనివ్వడం నేదు. అందుకే దీన్నే సూసుకుంతన్నాను.”

ఫిల్ములో నల్లగా ఉండాల్సిన ఊపిరితిత్తుల మీద తెల్లగా ఏదో కమ్ముకుని ఉంది.

“మంచు పడినట్టు నేదూ?” అంది. “సముద్రం మీద ఇలా కమ్మేస్తే పడవోలకి ఒడ్డు కనపడదు. అప్పుడు మేం ఆడోలం ఒడ్డున కూకుని పళ్లేలు కొడతాం. ఆ సప్పుడు పట్టుకుని వచ్చేస్తారు.”

చెబుతూనే ఆ తెల్లదనం మీద గోటితో మెల్లగా కొట్టసాగింది.

“ఆయనకి వినిపిస్తుందా అమ్మా?” అనేశాను. అడిగాక నాకే సిగ్గేసింది.

ఆమె చెయ్యి ఆగలేదు. “ఒడ్డునున్నోలకి అదేటి తెలుస్తాది బాబూ? కొడతానే ఉండాల.”

శ్రీకాకుళంలో ఆమె దిగిపోయాక కిటికీ వైపు జరిగి కూర్చున్నాను. నేను ఎదురుచూసే మనిషంటూ ఎవరూ లేరు. అయినా అద్దం మీద గోటితో కొట్టాను.