శనివారం దాకా బాగున్న కాళ్లు

ఆ పోస్టుకు నేను నాలుగు కాళ్ల మీద చేరాను. చివరి రెండు వందల మీటర్లు తాడు పట్టుకుని ఎక్కాలి. నా ముందు పోయేవాడు నిలబడి ఎక్కాడు. నేను మోకాళ్లూ మోచేతులూ కూడా పనిలో పెట్టాను. పైనుంచి చూసిన సెంట్రీ లోపలికి కేకేసి చెప్పాడట, "ఒక జవాను, ఒక ఎలుగుబంటి వస్తున్నాయి. జవాను బాగానే ఉన్నాడు" అని. ఎలుగుబంటి పేరు నాకు నెల రోజులు నిలిచింది.

ఉదయం పదకొండు నలభై. పదహారు వేల ఎనిమిది వందల అడుగుల ఎత్తు. చలి సున్నాకు కింద పద్దెనిమిది. వీపు మీద ఇరవై రెండు కిలోలు. రెండు ఫైబర్ గుడిసెలు, ఒక బంకరు, ఒక కిరోసిన్ స్టవ్, అన్నిటి మీదా మసి. మాతో కలిపి తొమ్మిది మంది. ఆ జాగ పేరు రాయను. ఉత్తరాన, మంచులో అనుకోండి చాలు.

నిలబడి ఎక్కినవాడు నా బడ్డీ. ఫౌజులో ఇద్దరిద్దరిని జత కడతారు. ఒకరి ప్రాణానికి ఇంకొకరు పూచీ. అతను మెషిన్ గన్ మనిషి. నంగునూరు దగ్గరి పల్లె, కల్లు గీసే ఇల్లు. నాది మిరుదొడ్డి వైపు. చుట్టరికం లేకపోయినా ఇద్దరం "బావా" అనే పిలుచుకునేవాళ్లం. సిద్దిపేట బస్టాండే మా చుట్టరికం. అతని కాళ్లు చూసితీరాలి. పన్నెండేళ్ల వయసు నుంచి తాటిచెట్లు ఎక్కిన కాళ్లు. వేళ్లు విడివిడిగా, చేతివేళ్ల మాదిరి దేన్నయినా పట్టుకునేవి. రిటైరయ్యాక ఏం చేస్తావంటే ఒకటే జవాబు.

"మా బాపు చెట్లున్నయి గద బావా. ఎక్కుత."

మా పోస్ట్ కమాండర్ సుబేదార్ సాబ్‌ది శ్రీకాకుళం. రెండు రోజులు నేను వాంతులు తప్ప ఇంకో పని చేయకపోవడం చూసి పిలిచాడు.

"ఏటి సదివినావు?"

"పదో తరగతి సాబ్. రెండోసారికి గట్టెక్కిన."

"రెండుసార్లు సదివినావంటే గట్టిగానే సదివినావన్నమాట. కాయితాల పని నువ్వు సూడు."

అట్లా నా చేతికి తుపాకీ కంటే ముందు ఫైలు వచ్చింది. పైనుంచి వచ్చే మెమోలు అందులో పెట్టాలి. సాయంత్రం ఆరున్నరకు, రొట్టెలు తిన్నాక, అందరికీ చదివి వినిపించాలి. కింద అందరితో సంతకాలు పెట్టించాలి.

సివిల్‌లో ఉన్నవాళ్లకు ఒక మాట చెప్పాలి. మాకు ఆర్డర్లు రెండు తీర్ల వస్తాయి. రేడియోలో వచ్చేది ఈ రోజుకు. కాగితం మీద వచ్చేది ఎప్పటికీ. ఎక్కడో ఒక పోస్టులో ఎవడో మండుతున్న స్టవ్‌లో కిరోసిన్ పోసి గడ్డం కాల్చుకుంటాడు. నెల తిరగకముందే మెమో దిగుతుంది, మండుతున్న స్టవ్‌లో కిరోసిన్ పోయరాదు అని. ఆ రోజు నుంచి ఎవడూ పోయడు. రెండేళ్లకు వచ్చిన కొత్తవాడికి గడ్డం సంగతి తెలియదు. ఆర్పి పోయాలన్న అలవాటే తెలుసు. మేం అక్కడ చేసే ప్రతి పని వెనకా ఎవడికో తగిలిన దెబ్బ ఉంటుంది. దెబ్బకూ అలవాటుకూ నడుమ ఒక కాగితం ఉంటుంది.

ఈ తెలివి ఇప్పటిది. అప్పుడు నాకు మెమో అంటే కచేరీ. దండోరా వేసేవాడి గొంతు పెట్టి మొదలుపెట్టేవాణ్ని. "ఇందుమూలంగా యావన్మంది జవాన్లకు తెలియజేయునది ఏమనగా!" వంటవాడు పళ్లెం మీద గరిటెతో డప్పు కొట్టేవాడు. తొమ్మిది మందిలో ఆరుగురం తెలుగువాళ్లం. మిగతా ముగ్గురూ అర్థం కాకపోయినా నవ్వేవాళ్లు. ఆ ఎత్తులో నవ్వు దొరకడం కష్టం. నేను సప్లై చేసేవాణ్ని. దానికి గర్వం కూడా ఉండేది.

మూడో వారంలో కాళ్ల మెమో వచ్చింది. హెలికాప్టర్ కిరోసిన్ డబ్బాలతో పాటు జారవిడిచిన సంచిలో ఉంది. ప్రతి సాయంత్రం ఐదు గంటలకు బడ్డీలు ఒకరి పాదాలు ఒకరు చూడాలి. బూట్లు, రెండు జతల సాక్సులు విప్పించాలి. ఒక్కొక్క వేలి గోరు నొక్కి వదలాలి. గోరు కింద తెల్లబడ్డ చోటికి ఎరుపు తిరిగి రావాలి. వస్తే "బాగున్నాయి" అని రిజిస్టర్‌లో రాసి, చూసినవాడు సంతకం పెట్టాలి. చివరి వాక్యం, నమోదు సిరాతోనే ఉండాలి, పెన్సిల్ చెల్లదు.

ఆ చివరి వాక్యం రాసినాయన ఫ్యాన్ కింద కూర్చుని రాసి ఉంటాడు. మా దగ్గర పెన్ను గడ్డకట్టేది. పది నిమిషాలు చంకలో పెట్టుకుంటే అర పేజీ రాసేది. మళ్లీ చంకలోకి. బూట్లు విప్పి మళ్లీ వేయడానికి పావుగంట. వేళ్లు కొంకర్లు పోయేవి.

మొదటి పది రోజులు బుద్ధిగా చేశాం. అందులోనూ నేను ఊరుకోలేదు.

"కాళ్లు చాపు బావా. కాళ్లు కడిగి పిల్లనిస్త."

"పిల్లేది?"

"పిల్ల సంగతి మెమోల రాయలే."

"ఇంట్ల ఉన్నామె వింటె నీ తోలు తీస్తది బావా," అనేవాడు. అతనికి పెళ్లయి అప్పటికి ఏడాది.

రెండో సోమవారం పెన్ను మంచిగా వేడెక్కింది. సోమవారం గడిలో సంతకం పెట్టాను. పెన్ను ఇంకా నడుస్తోంది. మంగళవారం గడిలో పెట్టాను. ఆగలేదు. శనివారం దాకా ఆరు సంతకాలు ఒక్క బిగిన పెట్టేశాను. ఆరు చోట్లా "బాగున్నాయి" అని రాశాను. బడ్డీ చూశాడు. "నీ అసోంటి తెలివిగల్లోడు పట్వారీ కావాల్సింది," అన్నాడు. అతను మాత్రం నా కాళ్లు రోజూ చూసేవాడు. చూశాకే పెన్ను చంకలో పెట్టేవాడు. నా సంతకాలు ఎట్లాగూ అయిపోయాయి గనుక, అతని బూట్ల దాకా రానిచ్చేవాణ్ని కాదు. స్టవ్ దగ్గరికి లాక్కుపోయేవాణ్ని.

బుధవారం తుఫాను పట్టింది. గురువారం తెల్లవారు ఐదింటికి బడ్డీతో కలిపి ఐదుగురు గస్తీ పోయారు. మంచులో పూడుకుపోయిన తాడు తవ్వి తీయాలి. తొమ్మిది గంటల పని. నాకు ఆ రోజు పోస్టు డ్యూటీ. మధ్యాహ్నం రెండింటికి తిరిగొచ్చారు. సాయంత్రం స్టవ్ చుట్టూ చేరాం. బడ్డీ కుడికాలు చాపాడు.

"బావా, వేళ్లు తిమ్మిరెక్కినట్టున్నయి. జర సూడు."

నేను రిజిస్టర్ తెరిచి శనివారం గడి చూపించాను.

"ఫికరెందుకు? నీ కాళ్లు శనివారం దాకా బాగున్నయి."

గుడిసె గుడిసంతా నవ్వింది. వంటవాడు డప్పు కొట్టాడు. మందులు చూసే నర్సింగ్ అసిస్టెంటూ సుబేదార్ సాబూ ఆ వేళకు అవతలి గుడిసెలో ఉన్నారు. బడ్డీ కూడా నవ్వాడు. నవ్వి కాలు వెనక్కి తీసుకున్నాడు.

నా జన్మలో అంత బాగా పేలిన జోకు ఇంకోటి లేదు.

శుక్రవారం అతనికి మూడు సెంట్రీ డ్యూటీలు, ఒక్కోటి రెండు గంటలు. ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. శనివారం మధ్యాహ్నం మూడు నలభైకి గుడిసె గుమ్మం దగ్గర పడ్డాడు. నర్సింగ్ అసిస్టెంట్ బూటు కోసి తీశాడు. లోపలి సాక్సు చర్మాన్ని అంటుకుపోయి ఉంది. నాలుగు వేళ్లు మైనం రంగు. బొటనవేలి మొదలు నల్లబడింది. బడ్డీ లేచి కూర్చుని తన గోరు తనే నొక్కాడు. వదిలాడు. ఎరుపు వస్తుందేమోనని చూశాడు. మళ్లీ నొక్కాడు. తర్వాత తలెత్తి నా వైపు చూశాడు. నా వైపు చూస్తూనే నొక్కుతున్నాడు.

నర్సింగ్ అసిస్టెంట్ రిజిస్టర్ తీశాడు. సుబేదార్ సాబ్ అతని భుజం మీది నుంచి చూశాడు. గడియారం చూశాడు.

"ఐదు గంటల సంతకం మూడూ యాబైకి ఎలాగొచ్చిందిరా?"

నేను రిజిస్టర్ కోసం చెయ్యి చాపాను.

ఆయన రిజిస్టర్ మూసి నా చేతిలో పెట్టాడు. "నేనిది సూడనేదు. రేపు ఆఫీసరు అడిగితే ఏటి సెప్తావో నీ ఇష్టం." పోస్టుకు చెడ్డపేరొస్తే పోయేది ఆయన పరువు. ఆయన భయం ఆయనది.

సిగ్నల్ మనిషి రేడియో అందుకున్నాడు. "బేస్, ఇది పోస్ట్. మంచుకాటు ఒకటి. ఎత్తుకుపోవాలి."

"పోస్ట్, ఎగిరే వాతావరణం లేదు. కాళ్లు వెచ్చగా ఉంచండి."

రెండు రాత్రులు ఉంచాం. సోమవారం ఏడూ పదికి హెలికాప్టర్ వచ్చింది.

ఇరవై రోజులకు కింద బేస్‌లో విచారణ. ఒక బల్ల, ఒక హీటర్, ఒక ఆఫీసర్. బల్ల మీద నా రిజిస్టర్. తేల్చాల్సింది ఒకటే. ఈ గాయం డ్యూటీ తెచ్చిందా, ఇతని సొంత నిర్లక్ష్యమా? డ్యూటీదైతే గాయం పింఛను, నిర్లక్ష్యమైతే అది లేదు. ముందు బడ్డీ వాంగ్మూలం చదివారు. తిమ్మిరి ఉందని తాను ఎవరికీ చెప్పలేదట. తర్వాత నా వంతు. గురువారం నవ్వినవాళ్లను ఎవరినీ పిలవలేదు.

"గురువారం ఇతని పాదాలు చూశావా?"

"చూశాను సాబ్."

"శుక్రవారం?"

"చూశాను సాబ్."

"బాగున్నాయా?"

"బాగున్నాయి సాబ్."

శనివారం గడి సంగతి అడగలేదు. తీర్పు అట్లాగే వచ్చింది, సొంత నిర్లక్ష్యం అని. కుడికాలు నాలుగు వేళ్లు తీసేశారు. ఆ రోజు బయట వరండాలో బడ్డీ కర్ర మీద నిలబడి ఉన్నాడు. ఎందుకట్ల చెప్పినవ్ అన్నాను.

"నా వేళ్లు ఎట్లైన రావు బావా. నీ నౌకరెందుకు పోవాలె?"

వద్దనలేదు. లోపలికి తిరిగి పోలేదు. తలుపు ఎనిమిది అడుగుల దూరం. ఆ లెక్క నాకు ఇప్పటికీ తెలుసు.

రెండు నెలలకు కొత్త మెమో వచ్చింది. "ఒక జవాను తన పాదాల స్థితిని దాచిపెట్టి తీవ్రంగా గాయపడినట్టు విచారణలో తేలినందున" అని మొదలైంది. ఇకమీదట బడ్డీ సంతకం చాలదు. నర్సింగ్ అసిస్టెంట్ చూడాలి. జవాను తన కాళ్లెట్లున్నాయో పోస్ట్ కమాండర్ ముందు నోటితో చెప్పాలి. పెన్సిల్ చెల్లుతుంది. ఆరున్నరకు నేనే చదివాను. మామూలు గొంతుతో చదివాను. వంటవాడు గరిటె పట్టుకుని చూశాడు.

"దండోరా లేదేందన్నా ఇయ్యాల?"

"సంతకం పెట్టు," అన్నాను.

ఆ తర్వాత మూడు చోట్ల పనిచేశాను. నాకంటే ముందే ఆ మెమో అక్కడికి చేరి ఉండేది. నా అబద్ధం గవర్నమెంటు మాట అయింది. దానివల్ల ఎందరి కాళ్లో నిలిచాయి, నా కళ్లతో చూశాను. మంచి మెమో. అబద్ధం మీద నిలబడ్డ మంచి మెమో. చలికాలం వచ్చిందంటే ఎవడో ఒకడు పైకి చదివేవాడు, ఒక జవాను దాచిపెట్టాడు అని. నేను తలకాయ ఊపి సంతకం పెట్టేవాణ్ని.

పదిహేడేళ్లు నిండి ఇంటికొచ్చాను. ఇప్పుడు సిద్దిపేటలో ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర సెక్యూరిటీ. ఫౌజు కథలు చెప్పమంటారు. ఎలుగుబంటి కథ చెబుతాను. నవ్వుతారు. నవ్వుతుండగానే నా కళ్ల ముందు ఆ గోరు ఉంటుంది. నొక్కి వదిలిన గోరు. తెల్లగా, తెల్లగానే. దాని పైన నన్ను చూస్తున్న ఆ ముఖం.

మొన్న ఎండాకాలం నంగునూరు పోయాను. విచారణ అయిన తొమ్మిదేళ్లకు. జేబులో ఒక కాగితం ఉంది. జరిగింది జరిగినట్టు సొంత దస్తూరీతో రాశాను. బడ్డీ కిరాణా దుకాణం పెట్టుకున్నాడు. చెట్లు అతని తమ్ముడు ఎక్కుతున్నాడు. నన్ను చూసి లేచాడు, ఒక పక్కకు ఒరిగి. "రా బావా!" అంటూ లోపలికి తీసుకుపోయాడు. అతని భార్య అన్నం పెట్టింది. వడ్డిస్తూ నాతో అంది, "సూడన్నా, నువ్వు రోజు ఈయిన కాళ్లు సూసినవంట. గట్లైన సెప్పకపాయె. మొద్దు మనిషి. తన కాళ్లు తనకు తెల్వని మొద్దు."

పళ్లెం పక్కకు జరిపాను. కాగితం తీశాను.

"ఊకో బావా," అన్నాడు బడ్డీ.

ఊకోలేదు. చదివాను. ఆరు సంతకాలు, గురువారం జోకు, విచారణలో నా మూడు జవాబులు, అన్నీ. రేపే రికార్డ్ ఆఫీసుకు పంపుతా చెల్లె, అన్నాను. ఆమె గిన్నె కింద పెట్టింది. మొగుణ్ని చూసింది, నన్ను కాదు. తర్వాత మెల్లగా అంది.

"ఆఫీసోళ్లకు తర్వాత రాద్దువు. మా మామ తొమ్మిదేండ్ల సంది కల్లు మండువల కూసోని సెప్తుండు, కాళ్లు కాపాడుకోలేని కొడుకు పుట్టిండని. రేపు పొద్దుగాల ఆడికి పో అన్నా. అందరుంటరు. నవ్విచ్చుకుంట సెప్పు. నీకొస్తది గదా."